రెండు భాషలు – ఒక దుబాసీ

మా కళాశాల ముఖద్వారం మీద రెండు లిపులు ఉన్నవి. ఒకటి కుడి నుండి ఎడమకు సాగుతుంది. మరొకటి ఎడమ నుండి కుడికి సాగుతుంది. రెండూ చెప్పేది ఒకే పేరు. ఈ రెండు లిపుల నడుమ తిరుగుతూ చదువుకుంటున్న మాకు దుబాసీ విలువ ఏమిటో ఒకరు చెప్పనక్కరలేదు. తెలుగు రాని సహాధ్యాయికి ఉర్దూలోను, ఉర్దూ రాని సహాధ్యాయికి తెలుగులోను పాఠాన్ని మెల్లగా వినిపించే పక్క బెంచీ మిత్రుడే మేము ఎరిగిన మొదటి దుబాసీ. అతడు పాఠాన్ని కల్పించడు. ఉన్న పాఠాన్ని ఇద్దరికీ అందిస్తాడు. అందుకు అతనికి మార్కులు రావు. కాని అతడు లేని తరగతిలో సగం మంది గోడలు చూస్తూ కూర్చుంటారు.

కంప్యూటర్ల లోకంలో ఇటువంటి దుబాసీ ఒకటి పుట్టి, కొన్నేళ్ళు శ్రమించి, తన పని తీరిన పిమ్మట పక్కకు తప్పుకున్నది. దాని పేరు రాఫేల్. వెబ్ పేజీలపై గీతలతో చిత్రాలు గీయడానికి ఉపకరించే ప్రోగ్రాముల సంపుటి అది. ఇటువంటి సంపుటిని ఆ శాస్త్రంలో లైబ్రరీ అని వ్యవహరిస్తారు. బీరువాలు, పుస్తకాలు ఉండే గ్రంథాలయం కాదు. ఒకరు రాసిపెట్టిన ఆజ్ఞలను పదిమంది ఎరువు తెచ్చుకుని వాడుకునే చోటు గనుక ఆ పేరు తగినదే. దీని కథలో మన విద్యార్థులు, పాలకవర్గ సభ్యులు కూడా ఆలోచించవలసిన సంగతులు కొన్ని ఉన్నవని మా అభిప్రాయం. కళాశాల ప్రదర్శనలో జరిగిన ఒక చిన్న సంఘటన ఈ వ్యాసానికి ప్రేరణ. దానిని ముందు ముందు మనవి చేస్తాము.

చుక్కలు, కొలతలు

కంప్యూటరులో బొమ్మను భద్రపరచడానికి ముఖ్యంగా రెండు మార్గాలు ఉన్నవి. మొదటిది, బొమ్మను సన్నని గళ్ళుగా విభజించి ఏ గడిలో ఏ రంగు ఉన్నదో వరుసగా రాసి ఉంచడం. ఆ గడిని పిక్సెల్ అంటారు. ఛాయాచిత్రాలకు ఈ మార్గమే తగినది. కాని ఇట్లు దాచిన బొమ్మను పెద్దది చేసి చూస్తే అంచులు మెట్లు మెట్లుగా కనబడతవి. గళ్ళు పెద్దవి కావడమే గాని కొత్త వివరం ఒక్కటీ రాదు.

రెండవ మార్గంలో బొమ్మను దాచరు. బొమ్మను గీసే విధానాన్ని దాచుతారు. “కేంద్రం ఇక్కడ, వ్యాసార్ధం ఇంత, రంగు ఎరుపు” అని రాస్తే అది ఒక వృత్తం. చూపేవేళ కంప్యూటరు ఆ సూచనను చదివి, తెర పరిమాణానికి తగినట్లు మరల గీస్తుంది. చేతిలో ఇమిడే ఫోను మీదనైనా, గోడంత తెర మీదనైనా ఆ వృత్తం నున్నగానే ఉంటుంది. దీనినే వెక్టార్ చిత్రం అంటారు.

ఇది పరాయి విద్య అని మన విద్యార్థులు భయపడవలసిన పని లేదు. సంక్రాంతి ముగ్గు వేసే ఇల్లాలికి ఈ రహస్యం చిరకాలంగా తెలుసు. “15 చుక్కలు, 8 వచ్చేవరకు సందు చుక్క” అని ఒకామె చెప్తే, వినిన ఆమె తన వాకిలి ఎంత ఉన్నదో చూసుకుని, దానికి సరిపడునట్లు చుక్కల దూరం పెట్టుకుని, అదే ముగ్గు వేస్తుంది. ఒక వాకిలి నుండి మరొక వాకిలికి వెళ్ళినది పిండి కాదు, లెక్క. నస్తాలీఖ్ రాసే కాతిబ్ విషయమూ అంతే. కలం మొన కాగితంపై వేసే చతురస్రపు చుక్కయే అతని కొలబద్ద. అలిఫ్ ఎన్ని చుక్కల ఎత్తు, బే ఎన్ని చుక్కల నిడివి, నూన్ గిన్నె ఎంత లోతు అన్నది ఆ చుక్కలతోనే నిర్ణయం అవుతుంది. కలం లావైనదైతే అక్షరం పెద్దదవుతుంది. కలం సన్ననిదైతే చిన్నదవుతుంది. పోలిక మాత్రం చెడదు. అరబీ లిపికి ఇట్టి చుక్కల కొలతను ఏర్పరచిన ఘనతను 10వ శతాబ్దంలో బాగ్దాదులో జీవించిన ఇబ్న్ ముఖ్లాకు ఆపాదిస్తారు. ముగ్గును, కలాన్ని ఎరిగిన ఇళ్ళ నుండి వచ్చిన మన పిల్లలకు వెక్టార్ చిత్రం బంధువే గాని అతిథి కాదు.

కంప్యూటరుతో గీతలు గీయడం 1963లోనే అమెరికాలోని ఎంఐటీలో ఐవాన్ సదర్లాండ్ తన స్కెచ్‌ప్యాడ్ ద్వారా చేసి చూపినాడు. ఇక వంపుల విషయానికి వస్తే, ఫ్రాన్సు దేశపు మోటారు కార్ల కంపెనీలలో పనిచేసిన ఇద్దరికి మనం రుణపడి ఉన్నాము. సిట్రోయెన్‌లో పాల్ ద కాస్టెల్జో, రెనోలో పియర్ బెజియే, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండానే, కొద్ది బిందువులతో వంపును శాసించే గణితాన్ని కనుగొన్నారు. బెజియే వంపులలో విరివిగా వాడే రకానికి 4 బిందువులు చాలును: రెండు కొసలు, కొసలను తమ వైపు లాగే మరి రెండు. కారు తలుపు కొరకు పుట్టిన ఆ గణితమే తరువాత అచ్చు అక్షరాలలోకి వచ్చినది. ఈనాడు కంప్యూటరుపై కూర్చిన ఏ పత్రికలోనైనా మనం చదివే ప్రతి అక్షరమూ ఇట్టి వంపుల కూర్పే.

ఒక లోకం, రెండు మాండలికాలు

వెబ్ పేజీలకు ఉమ్మడి నియమాలు ఏర్పరచే సంస్థ డబ్ల్యు3సి. 1998లో వెక్టార్ చిత్రాలకు ఒక భాష కావాలని ఆ సంస్థ ముందుకు పలు ప్రతిపాదనలు వచ్చినవి, వాటిలో ముఖ్యమైనవి రెండు. ఎడోబి, ఐబీఎం, నెట్‌స్కేప్, సన్ సంస్థలు కలిసి పీజీఎంఎల్ అనే భాషను ప్రతిపాదించినవి. మైక్రోసాఫ్ట్, మరికొన్ని సంస్థలు కలిసి వీఎంఎల్ అనే భాషను ప్రతిపాదించినవి. సంస్థ ఈ రెండింటిలో ఏ ఒక్కదానిని యథాతథంగా గ్రహించక, ఉమ్మడిగా ఎస్‌వీజీ అనే కొత్త భాషను రూపొందించినది. 2001 సెప్టెంబరులో అది అధికారికమైన సిఫారసుగా వెలువడినది.

న్యాయంగా వివాదం అంతటితో తీరవలెను. తీరలేదు. 1999లో వచ్చిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5 వీఎంఎల్‌ను నేర్చుకున్నది. ఆ తరువాత వచ్చిన సంచికలు కూడా, 8వ సంచిక వరకు, ఎస్‌వీజీని నేర్వలేదు. ఆ రోజులలో లోకంలో అత్యధికులు వాడే బ్రౌజరు అదే. ఫైర్‌ఫాక్స్, సఫారీ, ఓపెరా మొదలైనవి ఎస్‌వీజీ వైపు నడచినవి. ఫలితంగా, వెబ్ పేజీలో ఒక్క వృత్తం గీయదలచినవాడు అదే వృత్తాన్ని రెండు భాషలలో రెండుసార్లు రాయవలసి వచ్చినది. అంత ఓపిక ఎందరికి ఉంటుంది? కొందరు పిక్సెల్ బొమ్మలతో సరిపెట్టుకున్నారు. కొందరు ఫ్లాష్ అనే ప్రత్యేక సాధనాన్ని ఆశ్రయించినారు. 2020 చివరితో దాని ఆయువు తీరినది, దానితో కూర్చిన పనులలో అనేకం ఈనాడు మామూలు బ్రౌజరులో తెరుచుకోవు. ఇంకా కొందరు, “కొత్త బ్రౌజరు తెచ్చుకుని మా పేజీకి రండి” అని పాఠకునికే ఆజ్ఞాపించినారు.

ఈ చివరి మాటను మేము తీవ్రంగా ఆక్షేపిస్తున్నాము. ఆఫీసులో గుమాస్తా, పాఠశాలలో బాలుడు, గంటకు ఇంత అని చెల్లించి ఇంటర్నెట్ కేంద్రంలో కూర్చున్న నిరుద్యోగి – వీరెవరూ తమ ముందున్న యంత్రాన్ని ఎన్నుకున్నవారు కారు. ఎన్నుకునే స్వేచ్ఛ లేనివానిని, నీవెందుకు ఎన్నుకోలేదని నిందించడం న్యాయం కాదు.

దుబాసీ రాక

ఈ స్థితిలో 2008లో డిమిత్రీ బరనోవ్‌స్కీ అనే ప్రోగ్రామరు రాఫేల్ లైబ్రరీని వెలువరించినాడు. ఆ పేరు వినగానే ఇటలీ దేశపు చిత్రకారుడు రాఫేల్ గుర్తుకు రావడం సహజం. లైబ్రరీ పద్ధతి కూడా చిత్రకారుని పద్ధతిని పోలినదే. మొదట ఒక “కాగితం” అడగవలెను: వెడల్పు ఇంత, ఎత్తు ఇంత. ఆ కాగితంపై వృత్తం కావలెనంటే మూడు సంఖ్యలు: కేంద్రం అడ్డంగా ఎంత దూరం, పై నుండి ఎంత దిగువ, వ్యాసార్ధం ఎంత. దీర్ఘచతురస్రానికి నాలుగు సంఖ్యలు. స్వేచ్ఛా రేఖ కావలెనంటే “ఈ బిందువు వద్ద కలం దించు, అక్కడికి గీయి, ఈ వంపుతో తిరుగు, మొదటికి వచ్చి ముగించు” అని కురచ అక్షరాలలో రాసిన మార్గం.

రాసేవాని పని అంతటితో సరి. ఇక లైబ్రరీ తాను ఏ బ్రౌజరులో ఉన్నదో చూసుకుంటుంది. ఎస్‌వీజీ వచ్చిన బ్రౌజరు అయితే ఆజ్ఞను ఎస్‌వీజీలో పలుకుతుంది. వీఎంఎల్ మాత్రమే వచ్చిన బ్రౌజరు అయితే వీఎంఎల్‌లో పలుకుతుంది. పేజీ రాసినవాడు ఒక్కసారే రాసినాడు. చూసేవారిద్దరూ ఒకే వృత్తాన్ని చూసినారు. పక్క బెంచీ మిత్రుడు చేసే పని ఇదే కదా!

ఇంకొక సుగుణం కూడా చెప్పవలెను. ఇట్లు గీసిన ప్రతి ఆకారమూ గీసిన తరువాత కూడా విడి వస్తువుగానే నిలిచి ఉంటుంది. దానిని వేలితో తాకితే స్పందించవచ్చును, రంగు మార్చవచ్చును, పక్కకు జరపవచ్చును, పటంలో ఒక జిల్లాను తాకితే ఆ జిల్లా వివరం చూపవచ్చును. కేన్వాస్ అనే మరొక పద్ధతిలో ఈ సౌకర్యం లేదు. అక్కడ గీసిన గీత గళ్ళలో కలిసిపోతుంది, దానికి విడిగా ఉనికి ఉండదు. పైగా రాఫేల్‌ను ఎంఐటీ లైసెన్సు కింద ఇచ్చినారు. అనగా, కర్త పేరును, షరతుల పాఠాన్ని ఉంచి, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చును, విప్పి చదువుకోవచ్చును, మార్చుకోవచ్చును. ఈ “విప్పి చదువుకోవడం” అన్న మాటను పాఠకులు గుర్తుంచుకోవలెనని ప్రార్థన. దానితో ముందు పని ఉన్నది.

దీనికి లోపాలు లేవని మేము చెప్పబోము. ఆండ్రాయిడ్ ఫోన్లలో 3.0కు పూర్వపు బ్రౌజర్లకు ఈ రెండు భాషలలో ఒక్కటీ రాదు. అక్కడ మన దుబాసీ మూగవోయినది. వేలకొలది ఆకారాలను కదల్చబోతే, ముఖ్యంగా పాత బ్రౌజరులో, పని మందగించేది.

2011లో వచ్చిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 9 ఎట్టకేలకు ఎస్‌వీజీని నేర్చుకున్నది. రెండు మాండలికాల యుగం ముగింపుకు వచ్చినది. 2013లో ఆ బరనోవ్‌స్కీయే ఎడోబి సంస్థ పక్షాన స్నాప్ ఎస్‌వీజీ అనే మరొక లైబ్రరీని వెలువరించినాడు. అది కొత్త బ్రౌజర్లకు మాత్రమే ఉద్దేశించినది, దానికి వీఎంఎల్‌తో పని లేదు. 2022 జూన్ 15న ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు మైక్రోసాఫ్ట్ సంస్థ స్వస్తి చెప్పినది. అందరూ ఒకే భాష నేర్చిన సభలో దుబాసీకి పని ఏమున్నది? ఇది పరాజయం కాదని మా నమ్మకం. తన అవసరం తీరిపోయే రోజు కొరకు పనిచేసినవాడే మంచి దుబాసీ.

ప్రదర్శనలో జరిగినది

ఇక మా సంఘటన. ద్వితీయ సంవత్సరం విద్యార్థిని ఒకతె ప్రదర్శన కొరకు ఒక పట్టిక చిత్రం తయారు చేసినది. తన తోటి విద్యార్థినులను ఒక్కొక్కరిని అడిగి, వారి తల్లులు ఎంతవరకు చదివినారో రాసుకుని, దానిని నిలువు పట్టీలుగా గీసినది. బడికి వెళ్ళనివారు ఒక పట్టీ, ప్రాథమిక విద్య ఒక పట్టీ, పదవ తరగతి ఒక పట్టీ, ఆపైన ఒకటి. కంప్యూటరు గదిలో ఒక పూర్వ విద్యార్థి వదలి వెళ్ళిన పాత ప్రోగ్రామును ఆమె ఆధారం చేసుకున్నది. అది రాఫేల్‌తో రాసినది. పట్టీలు చక్కగా వచ్చినవి. వేలితో తాకితే రంగు మారుతున్నవి.

పట్టీల కింద ఉర్దూలోను, తెలుగులోను పేర్లు రాయబోగా చిక్కు వచ్చినది. ఉర్దూ అక్షరాలు ఒకదాని చేయి ఒకటి పట్టుకోక విడివిడిగా నిలబడినవి. అంతేకాదు, ఎడమ నుండి కుడికి పేర్చబడి వరుస తిరగబడినది. తెలుగులో ఒత్తులు అక్షరం కిందకు చేరలేదు. “తల్లి”లోని లావత్తు పూర్తి అక్షరమై పక్కన కూర్చున్నది. “విద్య”లో పొల్లు బయటపడినది. గడువు మరునాటి ఉదయం. ఆ సమయంలో అక్కడికి వచ్చిన పెద్దలు ఒకరు, సదుద్దేశంతోనే, “ఇంత తంటా ఎందుకమ్మా, ఇంగ్లీషులో పెట్టు, సరిపోతుంది” అని సలహా ఇచ్చినారు. ఆమె అట్లే చేసినది. ఇంగ్లీషు అక్షరాలు ఒక్క తప్పు లేకుండా వచ్చినవి.

మరునాడు తల్లులు వచ్చినారు. ఆ పట్టిక వారిని గురించినదే. ఆ విద్యార్థిని తల్లి దాని ముందు కొంతసేపు నిలబడి, పట్టీలను ఒక్కొక్కటిగా చూసి, కూతురి వైపు తిరిగి, “ఇందులో నేనెక్కడున్నాను బేటీ?” అని అడిగినది. కూతురు వేలు పెట్టి చూపినది. ఆ వేలు చూపిన పట్టీ కింద ఏమి రాసి ఉన్నదో తల్లి చదువలేకపోయినది.

మేము అక్కడే ఉన్నాము. ఆ ప్రశ్న మమ్ము ఇంకా వదలలేదు.

ప్రదర్శన ముగిసిన తరువాత ఆ విద్యార్థిని కారణం వెదకినది. లైబ్రరీ బహిరంగమైనది గనుక దానిని విప్పి చదువగలిగినది. అందులో మాటలు రాయడానికి రెండు ఆజ్ఞలు ఉన్నవని తెలిసినది. ఒకటి అచ్చు అక్షరాల రూపాలను రేఖలుగా మార్చుకుని, ఒక్కొక్క అక్షరాన్ని వరుసగా పక్కపక్కన అతికిస్తుంది. పాత ప్రోగ్రాము వాడినది దానినే. అక్షరాలు విడివిడిగా నిలిచే ఇంగ్లీషుకు ఆ పద్ధతి సరిపోతుంది. పక్క అక్షరాన్ని బట్టి రూపం మార్చుకునే ఉర్దూకు, ఒక అక్షరం కింద మరొకటి ఒదిగే తెలుగుకు అది సరిపోదు. రెండవ ఆజ్ఞ మాటను మాటగానే బ్రౌజరుకు అప్పగిస్తుంది. అక్షరాలను కలపడం, ఒత్తులను కిందకు చేర్చడం, కుడి నుండి ఎడమకు నడపడం బ్రౌజరు చూసుకుంటుంది. ఆ ఆజ్ఞ మాటను ఇచ్చిన బిందువుకు నడిమధ్యగా నిలుపుతుంది గనుక రెండు లిపులకూ ఒకే స్థానం చాలినది. మార్చవలసినది ఆ ఒక్క ఆజ్ఞే. అరగంటలో పని పూర్తి అయినది. నస్తాలీఖ్ ఫాంటు ఆ యంత్రంలో లేనందున ఉర్దూ నస్ఖ్ రూపంలో కనబడినది. ఫాంటు చేర్చగానే ఆ కొరతా తీరినది.

మా అభిప్రాయం

ఈ సంఘటనలో దోషం ఎవరిది? లైబ్రరీ కర్తకు మన లిపులపై ద్వేషం లేదు. రెండు బ్రౌజర్లలో ఏ ఒక్కదానినీ విడువరాదని అంత శ్రమపడినవాడు అతడు. సలహా ఇచ్చిన పెద్దలదీ కాదు. ఆ రాత్రి పిల్ల కష్టం చూడలేక అన్న మాట అది. పాత ప్రోగ్రాము రాసినవాడు ఇంగ్లీషు పట్టికే గీసినాడు. అతనికి చిక్కు రాలేదు. ఒక్కొక్కరిని విడిగా చూస్తే ఎవరూ తప్పు చేయలేదు. అయినా ఆ తల్లి తన పట్టీని చదువలేకపోయినది. పనిముట్టుకు భాష సరిపడనప్పుడు మనం పనిముట్టును ప్రశ్నించక భాషనే మార్చివేసినాము. దోషం అక్కడ ఉన్నది, అది మనందరిదీ.

“ఒక పట్టిక కింద నాలుగు మాటల కొరకు ఇంత వ్యాసమా?” అని కొందరు అడుగవచ్చును. నాలుగు మాటలతోనే మొదలవుతుంది. ఇదే కళాశాలలో పరీక్షల ప్రకటనలు, ఉపకార వేతనాల జాబితాలు కాగితంపై రాసి, దానిని ఫోటో తీసి, ఆ ఫోటోను విద్యార్థుల ఫోన్లకు పంపుతున్నారు. చూపు ఉన్నవారు దానిని పెంచి పెంచి, మెట్లు మెట్లైన అక్షరాలలో తమ పేరు వెదుక్కుంటారు. చూపు లేని విద్యార్థి ఫోను అక్షరాలను పైకి చదివి వినిపించగలదు. కాని మామూలుగా ఫోటో వద్దకు వచ్చేసరికి “చిత్రం” అని మాత్రం పలికి ఊరుకుంటుంది. అదే ప్రకటనలో మాట మాటగా ఉంటే ఫోను చదువుతుంది. ఎస్‌వీజీ చిత్రంలో కూడా మాట మాటగానే నిలుస్తుంది, వెదికితే దొరుకుతుంది, పైగా చిత్రానికి ఒక శీర్షిక, ఒక వివరణ లోపలనే రాసి ఉంచే ఏర్పాటు ఆ భాషలో ఉన్నది. గీతకు, మాటకు గల ఈ మర్యాదను మనం వాడుకోవడం లేదు.

“నేడు నోటితో చెప్తే బొమ్మ గీసి ఇచ్చే యంత్రాలు వచ్చినవి, పిల్లలు ఇంకా బిందువులు లెక్కపెట్టడం దేనికి?” అన్నది మరొక ఆక్షేపణ. ఆ యంత్రాలు వద్దని మేము అనము. కాని యంత్రం ఇచ్చిన బొమ్మలో లావత్తు తప్పితే దిద్దగలవాడు ఒకడు ఉండవలెను. లోపల ఏమున్నదో ఎరుగనివాడు దిద్దలేడు. ఇంగ్లీషులో పెట్టమని మాత్రం చెప్పగలడు.

విద్యార్థి మిత్రులకు కూడా ఒక మాట. లైబ్రరీని వాడండి, దానినే నమ్ముకుని ఉండకండి. రాఫేల్ పోయి స్నాప్ వచ్చినది. 2011లో వచ్చిన డీ3 పట్టికలకు, గణాంకాలకు పేరుపొందినది. రేపు మరొకటి వస్తుంది. వీటి అడుగున ఉన్న ఎస్‌వీజీ 2001 నుండి నిలిచి ఉన్నది. దుబాసీ చేయి పట్టుకుని సభలోకి వెళ్ళడం మంచిదే. ఏళ్ళు గడచినా ఆ చేయి వదలలేకపోవడం మాత్రం చదువు అనిపించుకోదు. పూర్వ విద్యార్థి వదలిన ప్రోగ్రామును చదువకుండా నకలు చేసినందువల్లనే ఆ రాత్రి చిక్కు వచ్చినదని ఆ విద్యార్థినియే ఒప్పుకున్నది. చదివినందువల్లనే చిక్కు విడినదని కూడా ఆమె చెప్పినది.

పాలకవర్గానికి మనవి

పాలకవర్గ సభ్యులకు మూడు మనవులు చేసుకుంటున్నాము. మొదటిది, కంప్యూటరు గదిలో ప్రతి విభాగం విద్యార్థులకు కనీసం 10 గంటలు, ఎస్‌వీజీని చేతితో రాసి చిత్రాలు గీయడం నేర్పించవలెను. దీనికి కొత్త యంత్రాలు అక్కరలేదు. కొనవలసిన సాఫ్ట్‌వేరు లేదు. మామూలు అక్షరాలు టైపు చేసే సాధనం ఒకటి, ఏదైనా బ్రౌజరు ఒకటి ఉంటే చాలును. వాణిజ్య శాస్త్ర విద్యార్థి లాభనష్టాల పట్టిక గీస్తాడు. జీవశాస్త్ర విద్యార్థి ఆకు గీస్తాడు. చరిత్ర విద్యార్థి పటం గీస్తాడు. రెండవది, కళాశాల వార్షిక నివేదికలోను, ప్రదర్శనలలోను ఏ పట్టిక పెట్టినా దాని కింద ఉర్దూ, తెలుగు పేర్లు తప్పనిసరి చేయవలెను. ఇంగ్లీషు పక్కన ఉంటే ఉండవచ్చును. ఇంటర్నెట్ లేని చోట కూడా సరిగా కనబడేటట్లు నస్తాలీఖ్, తెలుగు ఫాంట్లను మా యంత్రాలన్నిటిలో చేర్పించవలెను. మూడవది, ప్రకటనలను ఫోటోలుగా పంపడం మాని అక్షరాలుగా పంపవలెను. ఈ మూడవ దానికి ఖర్చు ఏమాత్రం లేదు; రేపటి నుండియే మొదలుపెట్టవచ్చును.

ఉర్దూ, తెలుగు రెండింటినీ పేరులో నిలుపుకున్న కళాశాల మనది. పేరులో ఉన్నది పట్టిక కింద కూడా ఉండవలెనని కోరడం అత్యాశ కాదని తలుస్తాము.

సవరించిన పట్టిక కంప్యూటరు గదిలో, కిటికీ పక్కనున్న యంత్రంలో ఉన్నది. అందులో పట్టీలు పాతవే, పేర్లు రెండు లిపులలో ఉన్నవి. వచ్చే ప్రదర్శనకు ఆ తల్లిని మరల పిలిపించవలెనని ఆ విద్యార్థిని కోరిక. మేమూ ఆ కోరికను బలపరుస్తున్నాము.